నీటిని పరీక్షించేవారికి ఒక పరీక్ష

మీ ఇంటి నల్లా నుంచి ఒక గాజుగ్లాసు నిండా నీరు పట్టి, కిటికీ దగ్గర వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. తేటగా ఉంటే "మంచినీళ్లే" అంటాం. కాని మన కంటికి దొరికేది మట్టి, మడ్డి, రంగు మాత్రమే. ఫ్లోరైడు కనిపించదు. నైట్రేటు కనిపించదు. జబ్బులు తెచ్చే సూక్ష్మజీవులు అసలే కనిపించవు. కావున నీరు మంచిదా కాదా అన్నది మనకు చివరకు ఒక కాగితం మీద వేసిన సంఖ్యల వల్లనే తెలుస్తుంది. పి.హెచ్. 7.4, ఫ్లోరైడు లీటరుకు 0.6 మిల్లీగ్రాములు, ఇ. కోలై లేదు, ఇట్లా ఉంటుంది ఆ కాగితం. కింద ఒక సంతకం, ఒక ముద్ర.

ఆ సంఖ్యలను మనం ఎందుకు నమ్మాలి?

ఇది పెడసరపు ప్రశ్న కాదు. సైన్సు చదివేవారు అడగవలసిన ప్రశ్నే. నీటిని ప్రయోగశాల పరీక్షిస్తుంది. ప్రయోగశాలను ఎవరు పరీక్షిస్తారు? ఎట్లా పరీక్షిస్తారు? ఈ నెల ఆ సంగతి చూద్దాం.

మన వీధికి వచ్చే నీరు

విద్యానగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతాలలో ఉండే మీకు నీరంటే నల్లా, సంపు, మేడమీద ట్యాంకు. కాని ఆ నీటి వెనుక పెద్ద కథ ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువులే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. జనం పెరిగారు, అవి చాలలేదు. మంజీర నీరు వచ్చింది. 2004 నుంచి కృష్ణ నీరు, 2015 నుంచి గోదావరి నీరు నూరు కిలోమీటర్లకు పైగా గొట్టాలలో ప్రయాణం చేసి వస్తున్నాయి.

నదిలోని నీటికి శుద్ధి కేంద్రంలో మొదట పటిక కలుపుతారు. సన్నని మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకొని బరువెక్కి అడుగుకు చేరతాయి. పైనున్న నీటిని ఇసుక పొరల గుండా వడపోస్తారు. చివర క్లోరిన్ కలుపుతారు. ఇదంతా మీరు పాఠంలో చదివినదే. పాఠంలో అంతగా చెప్పనిది ఒకటుంది. శుద్ధి కేంద్రం గేటు దగ్గర మంచిగా ఉన్న నీరు మీ వీధి చివరకు వచ్చేసరికి అట్లాగే ఉంటుందన్న హామీ లేదు. మన నగరంలో చాలా పేటలలో నీరు రోజంతా రాదు. నీరు రాని గంటలలో గొట్టం ఖాళీ అవుతుంది. లోపల పీడనం తగ్గుతుంది. గొట్టానికి చిల్లు ఉండి, పక్కనే మురుగు పారుతూ ఉంటే, బయటి మురుగు లోపలికి వస్తుంది. మళ్లీ నీరు వదలగానే ఆ మురుగంతా ఇళ్లలోకి వెళుతుంది.

2009 మే నెలలో సరిగ్గా ఇదే ప్రమాదం మన పక్కనే, ముషీరాబాద్ దగ్గరి భోలక్‌పూర్‌లో జరిగింది. తాగునీటిలో మురుగు కలిసింది. వందల మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. పలువురు చనిపోయారు. చిక్కడపల్లి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో జరిగిన సంగతి ఇది. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చెబుతారు.

అందుకే నీటిని శుద్ధి కేంద్రంలో ఒకసారి పరీక్షించి ఊరుకోరు. నగరంలోని రిజర్వాయర్ల దగ్గర, వీధులలోని నల్లాల దగ్గర కూడా నమూనాలు తీస్తారు. 1989లో ఏర్పడిన హైదరాబాదు జలమండలికి నీటి నాణ్యత చూసే సొంత విభాగం ఉంది. నీరు సరఫరా చేసేవారే పరీక్ష చేసుకుంటే చాలదు కదా, బయటివారు కూడా చూడాలి. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. కుక్క కరిస్తే సూది మందుకు పరుగెత్తే చోటుగానే అది మనలో చాలామందికి తెలుసు. అక్కడ నీటి నమూనాల పరీక్ష కూడా జరుగుతుందని తెలిసినవారు తక్కువ.

సరే, పరీక్షలు జరుగుతున్నాయి. సంఖ్యలు వస్తున్నాయి. ఆ సంఖ్యలను దేనితో పోల్చాలో చెప్పేది భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500. మొదట 1983లో వచ్చింది, ఇప్పుడున్నది 2012లో సవరించినది. పి.హెచ్. 6.5కు తగ్గరాదు, 8.5కు మించరాదు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదు. 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ. కోలై ఒక్కటి కూడా కనిపించరాదు. హద్దులు ఇంత స్పష్టంగా ఉన్నాయి. కాని కొలిచే చేయి, కొలిచే పరికరం సరిగా లేకపోతే ఎంత స్పష్టమైన హద్దు ఉండీ ఏం లాభం?

తనిఖీ బృందం వచ్చింది

ప్రయోగశాలల సామర్థ్యానికి ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణం ఒకటుంది. దాని పేరు ఐ.ఎస్.ఓ./ఐ.ఇ.సి. 17025. 1999లో మొదట వెలువడి, 2017లో ఇప్పటి రూపానికి వచ్చింది. మన దేశంలో ఈ ప్రమాణం ప్రకారం ప్రయోగశాలలను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థను పొట్టిగా ఎన్.ఎ.బి.ఎల్. అంటారు. పరీక్షలు చేసే ప్రయోగశాలలకు, పరికరాలను సరిచూసే ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి అన్నమాట.

ఒక చిన్న తేడా ఇక్కడే గమనించండి. "ఈ సంస్థ పద్ధతి ప్రకారం నడుస్తున్నది" అని చెప్పే సర్టిఫికెట్లు వేరే ఉన్నాయి. 17025 గుర్తింపు అంతకంటె ముందుకు వెళుతుంది. "ఈ ప్రయోగశాలకు ఫలానా పరీక్ష సరిగా చేయడం వచ్చు" అని చెబుతుంది. అదీ ఏ పరీక్షకు ఆ పరీక్షే. పి.హెచ్., ఫ్లోరైడు, నైట్రేటు పరీక్షలకు గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు సూక్ష్మజీవుల పరీక్షకు గుర్తింపు లేకపోవచ్చు. పదవ తరగతిలో మీకు లెక్కలలో మార్కులు వచ్చినంత మాత్రాన హిందీ పాసైనట్టు కాదు గదా!

తనిఖీకి వచ్చేవారిలో ఒకరు బృందానికి పెద్ద. మిగిలినవారు ఆయా పరీక్షలు స్వయంగా చేసిన నిపుణులు. వస్తున్నామని ముందే చెబుతారు. అయితే అంతా తుడిచి, కడిగి, సర్ది పెట్టుకుంటారు కదా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. అందుకే అనుభవం ఉన్నవారు మెరిసే గాజుసామాను చూసి సంతోషపడిపోరు. పాత రిజిస్టర్లు అడుగుతారు. నాలుగు నెలల కిందట ఇచ్చిన ఒక నివేదికను తీసి, "ఈ సంఖ్య ఎట్లా వచ్చిందో వెనుకకు చూపించండి" అంటారు. నివేదిక నుంచి లెక్కకు, లెక్క నుంచి పరికరం చూపిన అంకెకు, అక్కడ నుంచి ఆ రోజు వాడిన రసాయనం సీసాకు, సీసా నుంచి నమూనా తెచ్చిన మనిషికి, నమూనా పట్టిన నల్లాకు వెళ్లాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఆ సంఖ్యకు ఆధారం పోయినట్టే.

గొలుసు మొదటి లంకె నమూనా సీసా. సూక్ష్మజీవుల పరీక్షకు నీరు పట్టే సీసాను ముందుగా వేడితో సూక్ష్మజీవిరహితం చేస్తారు. అందులో కొద్దిగా సోడియం థయోసల్ఫేటు వేసి ఉంచుతారు. పాతకాలపు ఫొటో స్టూడియోలలో "హైపో" అని వాడిన పదార్థమే ఇది. నీటిలో దీనికేం పని? నల్లా నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్ సీసాలో కూడా పని చేస్తూనే ఉంటుంది. నల్లా దగ్గర బతికి ఉన్న సూక్ష్మజీవులు ప్రయోగశాలకు వచ్చే దారిలో చచ్చిపోవచ్చు. అప్పుడు నివేదికలో "లేవు" అని వస్తుంది. మీరు తాగిన నీటిలో మాత్రం ఉన్నాయి! థయోసల్ఫేటు ఆ క్లోరిన్‌ను అక్కడికక్కడ విరిచేస్తుంది. చిటికెడు పదార్థం మరచిపోతే చెడ్డ నీటికి మంచి సర్టిఫికెట్ వస్తుంది. సీసాను మంచు పెట్టెలో పెట్టి తేవాలి, 24 గంటలు దాటకుండా పరీక్ష మొదలుపెట్టాలి. పట్టిన సమయం, చేరిన సమయం రెండూ రాసి ఉన్నాయా అని తనిఖీదారు చూస్తాడు.

"లేదు" అనే జవాబు

నా దృష్టిలో ప్రయోగశాల ఇచ్చే జవాబులన్నిటిలోకి కష్టమైనది "లేదు" అన్నది. ఉన్నదాన్ని చూపించవచ్చు. లేదని ఎట్లా చూపిస్తాం?

ఇ. కోలై మనుషుల, పశువుల పేగులలో ఉండే బాక్టీరియా. నీటిలో అది కనిపించిందంటే మలం కలిసిందని అర్థం. దానికి పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ ఉన్న ఆహారం ఇచ్చి 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆ తరువాత 44 డిగ్రీల దగ్గర పెంచుతారు. 44 డిగ్రీల వేడికి చాలా ఇతర బాక్టీరియాలు ఆగిపోతాయి, ఇ. కోలై తట్టుకుంటుంది. లాక్టోజ్‌ను వాడుకొని వాయువు వదులుతుంది. పరీక్షనాళికలో తలకిందులుగా ఉంచిన చిన్న గొట్టంలో బుడగ నిలిస్తే అనుమానించాలి. అప్పుడు ఇంకొక పరీక్షతో ధ్రువపరుస్తారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పెట్టె ఉష్ణమాపకం 44 అని చూపుతూ, లోపల నిజంగా 48 ఉంటే? ఇ. కోలై కూడా సరిగా పెరగదు. బుడగ రాదు. "లేదు" అని రాస్తారు. ఉష్ణమాపకంలో నాలుగు డిగ్రీల తప్పు ఒక వీధి మొత్తాన్ని మంచాన పడేయగలదు.

అందుకని రెండు జాగ్రత్తలు తీసుకుంటారు. ప్రతి విడత నమూనాలతో పాటు ఇ. కోలై ఉందని ముందే తెలిసిన ఒక నాళికను కూడా అదే పెట్టెలో పెడతారు. అందులో బుడగ రావాలి. రాకపోతే ఆ రోజు "లేదు"లన్నీ చెల్లవు. దాని పక్కనే సూక్ష్మజీవులు లేని నీటి నాళిక ఇంకొకటి పెడతారు. అందులో బుడగ రాకూడదు. వస్తే మన సామానే మురికిదని అర్థం. మీరు ప్రయోగాలలో "పోల్చి చూసేందుకు" ఇంకొక ఏర్పాటు పెట్టుకుంటారు కదా, అదే ఇది.

రెండవ జాగ్రత్త ఉష్ణమాపకాన్నే పరీక్షించడం. దీన్ని క్రమాంకనం అంటారు. మన ఉష్ణమాపకాన్ని దానికంటె నమ్మదగిన ఉష్ణమాపకంతో పోలుస్తారు. దాన్ని ఇంకా నమ్మదగిన దానితో పోలుస్తారు. ఇట్లా మెట్లు ఎక్కుతూ పోతే మన దేశంలో చివరి మెట్టు న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. త్రాసులో వేసే తూకపు రాళ్లకూ ఇదే దారి. నారాయణగూడలో చేసిన కొలతకైనా, జపానులో చేసిన కొలతకైనా ఒకే అర్థం ఉండాలంటే ఈ మెట్లన్నీ ఉండాలి. తనిఖీదారు పరికరం మీద అంటించిన చీటీ చూస్తాడు. ఎప్పుడు సరిచూశారు, మళ్లీ ఎప్పుడు సరిచూడాలి, ఎంత తేడా వచ్చింది, ఆ తేడాను లెక్కలలో సవరించారా? చివరి ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. సర్టిఫికెట్‌ను ఫైలులో భద్రంగా దాచుకొని, అందులో రాసిన సవరణను వాడరు!

పిపెట్‌ను కూడా నమ్మేయరు. 10 మిల్లీలీటర్ల పిపెట్‌తో స్వేదనజలం తీసి త్రాసులో తూస్తారు. 27 డిగ్రీల దగ్గర సుమారు 9.96 గ్రాములు రావాలి. సరిగ్గా 10 గ్రాములు ఎందుకు రావు? నీటి సాంద్రత 4 డిగ్రీల దగ్గర అత్యధికమనీ, వేడెక్కేకొద్దీ తగ్గుతుందనీ మీకు తెలుసు. త్రాసు మీద గాలి ఉత్ప్లవనం కూడా కొంచెం పని చేస్తుంది. ఆర్కిమెడీస్ ఇక్కడ కూడా ఉన్నాడు.

ముసుగు వేసిన నమూనా

ఇదంతా చూశాక నిపుణుడు, "ఇక పరీక్ష చేసి చూపించండి" అని పక్కన నిలబడతాడు. బ్యూరెట్ చదివేటప్పుడు కన్ను నీటిమట్టానికి సరిగా ఉందా, పద్ధతి రాసిన కాగితంలో "రెండు నిమిషాలు కలపాలి" అని ఉంటే రెండు నిమిషాలే కలిపారా అని చూస్తాడు. ఎవరైనా పక్కన నిలబడి చూస్తుంటే చేయి వణుకుతుంది, అది అందరికీ సహజం. తనిఖీదారులకూ ఆ సంగతి తెలుసు.

కాని నాకు అన్నిటికంటె నచ్చే పరీక్ష వేరే ఉంది. ఒకే నీటిని అనేక సీసాలలో నింపి దేశంలోని అనేక ప్రయోగశాలలకు పంపుతారు. అందులో ఏది ఎంత ఉందో ఎవరికీ చెప్పరు. ఎవరికి వారు కొలిచి జవాబు పంపాలి. ఆ తరువాత అందరి జవాబులను పోలుస్తారు. ఉదాహరణకు ఒక విడతలో ఫ్లోరైడు ఒప్పుకున్న విలువ లీటరుకు 1.20 మిల్లీగ్రాములు, ప్రామాణిక విచలనం 0.10 అనుకుందాం. ఒక ప్రయోగశాల 1.32 అని పంపింది. తేడా 0.12. దాన్ని 0.10తో భాగిస్తే 1.2 వస్తుంది. ఈ భాగఫలాన్ని జడ్ స్కోరు అంటారు. ఇది 2 లోపల ఉంటే సంతృప్తికరం. 2కూ 3కూ మధ్య ఉంటే అనుమానం. 3 లేక అంతకు మించితే తప్పినట్టే. ఇంకొకరు 1.55 పంపారు. వారి స్కోరు ఎంతో మీరే కట్టండి. వారు పాసయ్యారా?

తప్పినంత మాత్రాన గుర్తింపు ఊడిపోదు. తప్పు ఎందుకు వచ్చిందో వెతికి, సరిచేసి, సరిచేసినట్టు రుజువు చూపాలి. "ఇకముందు జాగ్రత్తగా ఉంటాము" అని రాస్తే ఒప్పుకోరు. కారణం కావాలి. ఫ్లోరైడు పరీక్షలో ఒక గమ్మత్తైన కారణం ఉంటుంది. శుద్ధి కేంద్రంలో పటిక వాడతారని చెప్పుకున్నాం. పటికలో అల్యూమినియం ఉంది. అది నీటిలో మిగిలిపోతే ఫ్లోరైడును గట్టిగా పట్టుకొని, కొలతను తక్కువ చేసి చూపగలదు. దీన్ని కనిపెట్టే ఉపాయం సులువే. నమూనా 0.62 చూపిందనుకోండి. దానికి మనం తెలిసి లీటరుకు 0.50 చొప్పున ఫ్లోరైడు కలిపి మళ్లీ కొలవాలి. 1.12 రావాలి. 1.09 వస్తే, కలిపిన దానిలో నూటికి 94 వంతులు తిరిగి దొరికినట్టు. ఇది ఫరవాలేదు. 0.80 మాత్రమే వస్తే ఏదో ఫ్లోరైడును దాచేస్తున్నదన్నమాట.

ఫ్లోరైడు మీద ఇంత పట్టింపు ఎందుకో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు ఎక్కువైన నీటివల్ల ఎముకలు వంగిపోయే జబ్బును మన దేశంలో మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్గొండ జిల్లా బాధ అందరికీ తెలిసినదే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరులతో ఫ్లోరైడును తీసే పద్ధతికి "నల్గొండ పద్ధతి" అనే పేరు ప్రపంచమంతటా ఉంది. మన ప్రమాణంలో ఫ్లోరైడుకు కోరదగిన హద్దు 1.0. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ఒక ఊరి బోరు నీటికి 1.42 అని వచ్చిందనుకోండి. హద్దు లోపలే ఉంది, తాగవచ్చు అంటారా?

తొందరపడకండి. ఏ కొలతకైనా కొంత అనిశ్చితి ఉంటుంది. ఈ ప్రయోగశాల అనిశ్చితి 0.12 అయితే, నిజమైన విలువ 1.30 నుంచి 1.54 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. పై కొస హద్దు దాటింది! ఇట్లాంటి సందర్భంలో "పాస్" అనాలా, "ఫెయిల్" అనాలా అన్న నియమాన్ని ప్రయోగశాల ముందే నిర్ణయించుకొని, నీరు పంపినవారికి చెప్పి ఉండాలని 17025 అంటుంది. ఫలితం చూశాక నియమం పెట్టుకోవడం కుదరదు. అనిశ్చితిని రాయడం బలహీనత అని కొందరు అనుకుంటారు. నా మట్టుకు అనిశ్చితి రాయని సంఖ్య కంటె రాసిన సంఖ్య మీదనే నమ్మకం ఎక్కువ.

మరీ అందమైన రిజిస్టరు

ఇంతవరకు తెలియక చేసే తప్పులు చూశాం. తెలిసి చేసేవి కూడా ఉంటాయి. వాటి ఫలితం ఎట్లా ఉంటుందో చెప్పడానికి కెనడా దేశంలోని ఒక చిన్న ఊరికి వెళ్లాలి. ఒంటారియో రాష్ట్రంలోని ఆ ఊరి పేరు వాకర్టన్. జనాభా సుమారు 5 వేలు.

2000 మే 12న అక్కడ కుంభవృష్టి కురిసింది. పొలాలలోని పశువుల పేడ వాననీటితో ఊరి బావులలో ఒకదానిలోకి ఇంకింది. క్లోరిన్ సరిగా కలిపి ఉంటే ఆపద తప్పేది. కలపలేదు. రోజూ కొలవవలసిన క్లోరిన్‌ను కొలవకుండానే రిజిస్టరులో 0.5 అనీ, 0.75 అనీ సంవత్సరాల తరబడి రాస్తూ వచ్చారు. ఒకచోట పట్టిన నమూనాకు ఇంకొకచోటి పేరు చీటీ అంటించేవారు. మే 17 నాటికి ప్రయోగశాలలో ఇ. కోలై బయటపడింది. ఆ ప్రయోగశాలకు సూక్ష్మజీవుల పరీక్షకు గుర్తింపు లేదు. అయినా ఫలితం సరైనదే. కాని అది నీటి సరఫరా చేసేవారికి మాత్రమే చేరింది, ఆరోగ్య అధికారికి చేరలేదు. చేరవేయాలని నియమమే లేదు. ఆరోగ్యశాఖ వారు ఫోను చేసి అడిగితే సరఫరావారు నీరు బాగానే ఉందన్నారు. కాచి తాగండని ప్రజలకు చెప్పేసరికి మే 21 అయింది. 2 వేల 300 మందికి పైగా జబ్బుపడ్డారు. 7 గురు చనిపోయారు.

ఆ సంవత్సరం ఆగస్టులోనే ఒంటారియోలో కొత్త నిబంధనలు వచ్చాయి. తాగునీటి పరీక్ష గుర్తింపు ఉన్న ప్రయోగశాలలోనే జరగాలి, చెడ్డ ఫలితం వస్తే ప్రయోగశాల నేరుగా ఆరోగ్య అధికారికి చెప్పాలి. 2002లో ఇందుకు పూర్తి చట్టమే చేశారు. ప్రయోగశాలలకు లైసెన్సు, తనిఖీ తప్పనిసరి అయ్యాయి.

అట్లాంటి రిజిస్టరును చూసి పట్టుకోవచ్చా? కొంతవరకు పట్టుకోవచ్చు. నిజంగా కొలిచిన సంఖ్యలు కదులుతూ ఉంటాయి. క్లోరిన్ ఈ రోజు 0.41, రేపు 0.56, ఎల్లుండి 0.48. నెల పొడుగునా 0.50, 0.50, 0.50 అని ఉంటే తనిఖీదారు కలం ఆగుతుంది. ముప్ఫయి రోజుల రాతలూ ఒకే సిరాతో, ఒకే వంపుతో ఉన్నా ఆగుతుంది. ఆదివారం నాడు, పండుగనాడు కూడా ఒకే మనిషి సంతకం ఉంటే హాజరుపట్టీ తెప్పిస్తాడు. ప్రయోగశాల రిజిస్టరులో తప్పు రాస్తే తెల్లరంగు పూయకూడదు, రబ్బరుతో చెరపకూడదు. తప్పు సంఖ్య కనిపించేటట్టు ఒకే గీతతో కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ వేయాలి. కొట్టివేతలు ఉన్న రిజిస్టరే నిజమైనదిగా కనిపించే చోటు ఇది ఒక్కటే అనుకుంటాను. మీ ప్రాక్టికల్ రికార్డులు అందంగా ఉండాలని మేము మిమ్మల్ని వేధిస్తాం గాని, ఆ మాటకు ఇక్కడ మినహాయింపు ఇవ్వాలి.

మన దేశంలో ఈ గుర్తింపు చాలావరకు స్వచ్ఛందం. అయితే 2019లో జల్ జీవన్ మిషన్ మొదలైన తరువాత నీటి ప్రయోగశాలలు గుర్తింపు పొందాలన్న పట్టుదల పెరిగింది. నామమాత్రపు రుసుముతో ప్రజలు కూడా తమ ఇంటి నీటిని ఆ ప్రయోగశాలలలో పరీక్ష చేయించుకునే వీలు 2021లో కల్పించారు. మీరు ఎప్పుడైనా పరీక్ష చేయిస్తే, నివేదికలో ఎన్.ఎ.బి.ఎల్. గుర్తు ఉన్నదా, ఉంటే మీరు చేయించిన పరీక్ష ఆ గుర్తింపు జాబితాలో ఉన్నదా అని అడగండి.

మీ తరగతిలో చేసి చూడండి

మీ తరగతే ఒక ప్రయోగశాల అనుకోండి. నీటి కఠినత్వాన్ని సబ్బుతో కొలుద్దాం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ ఉంటే సబ్బు తొందరగా నురగ ఇవ్వదని మీకు తెలుసు. సబ్బును తురిమి స్వేదనజలంలో కరిగించి అందరికీ ఒకే ద్రావణం ఇవ్వండి. ఒక బోరు నీటిని ఒకే బకెట్‌లో పట్టి పదిమంది పంచుకోండి. ఒక్కొక్కరు పరీక్షనాళికలో 10 మిల్లీలీటర్లు తీసుకొని, ఒక్కొక్క చుక్క సబ్బు ద్రావణం వేస్తూ కలపాలి. నురగ ఒక నిమిషం నిలిచేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో, పక్కవారికి చూపకుండా రాయాలి.

నీరు ఒకటే, ద్రావణం ఒకటే. జవాబులు మాత్రం పది రకాలుగా వస్తాయి. సగటు కట్టండి. అందరికంటె దూరంగా ఉన్నవారు ఎవరు? వారు గట్టిగా కుదిపారా, చుక్కలు పెద్దవిగా వేశారా, నిమిషాన్ని గడియారంతో చూశారా లేక మనసులో లెక్కపెట్టారా? వెతకండి. మీ ఉపాధ్యాయుడు ఎవరికీ చెప్పకుండా అదే నీటిని రెండు వేర్వేరు పేర్లతో ఒకే విద్యార్థికి ఇస్తే ఇంకా బాగుంటుంది. రెండింటికీ ఒకే జవాబు ఇవ్వగలిగినవారిని ఆ రోజుకు ప్రధాన పరీక్షకులను చేయండి.

సబ్బు అంటే బట్టల సబ్బు బిళ్ల వాడండి. డిటర్జెంటు పొడి పనికిరాదు, అది కఠిన జలంలోనూ నురగ ఇస్తుంది.